మిణుకురాయికి వెలుగు ఎక్కడి నుంచి రావాలి? కొండ కడుపులోని జనం కోసం ఒక ఖనిజ కల్పన

నాగావళి (రాయగడ):
వేదికలోని పెద్దలందరికీ నమస్కారం. నేను తెలుగులో ఒక పెద్ద కాల్పనిక నవల రాస్తున్నాను. రాయగడ, కొరాపుట్ జిల్లాల మధ్య నేను ఊహించుకున్న ఒక కొండ లోపల తరతరాలుగా నివసిస్తున్న జనం కథ అది. వారిని లోమలవారు అని పిలుస్తున్నాను. వారి దగ్గర మిణుకురాయి అనే ఖనిజం ఉంది. నీలం కలిసిన ఆకుపచ్చ వెలుగునిచ్చే ఆ రాయిని వారు గుమ్మాలకు, నూతి గట్లకు, మెట్ల అంచులకు పొదుగుతారు. పెళ్ళిలో వధూవరులు రాళ్ళు మార్చుకుంటారు. నడక నేర్చే పిల్లలు చీకట్లో తప్పిపోకుండా వారి కడియాలలో చిన్న పలుకులు బిగిస్తారు.

ఇప్పటివరకు ఆ రాయి ఎల్లవేళలా వెలుగుతూనే ఉంటుందని రాసుకుంటూ వచ్చాను. కానీ వెలుగు ఎన్నటికీ తరగనిదైతే దానికోసం ఎవరూ శ్రమించరు, ఎవరూ దాచుకోరు, ఎవరూ ఎవరికీ రుణపడరు. అలాంటి చోట కథ నడవదు. అందువల్ల ఆ వెలుగుకు ఒక మూలం, ఒక వెల, ఒక బలహీనత ఉండాలని నిర్ణయించుకున్నాను. నిజమైన ఖనిజాలు ఏయే విధాలుగా వెలుగుతాయో, వాటిలో ఏ విధం లోమలవారికి సరిపోతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

శబరి (జయపురం):
అమ్మా, మీరు వెల గురించి అడిగారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఏ రాయీ తనంతట తాను వెలుగును పుట్టించదు. ఎక్కడో తీసుకున్న శక్తిని వెలుగుగా తిరిగి ఇస్తుంది. కాబట్టి లోమలవారి జీవితంలో మీరు ముందుగా తేల్చుకోవలసినది రాయి రంగు కాదు, దానికి శక్తి ఎక్కడ అందుతుందన్నది. అది తేలితే వారి దారులు, కాపలాలు, అప్పులు, పండుగలు అన్నీ దాని వెంట వస్తాయి.

మొదటిది ప్రతిదీప్తి. ఫ్లోరైటు, విల్లెమైటు, మాంగనీసు కలిసిన కాల్సైటు వంటి ఖనిజాలు అతినీలలోహిత కిరణాలు పడినంతసేపు వెలిగి, కిరణం ఆగగానే ఆరిపోతాయి. అమెరికాలోని న్యూజెర్సీలో ఫ్రాంక్లిన్ అనే ఊరి గనులలో ఆకుపచ్చని విల్లెమైటు, ఎర్రని కాల్సైటు ఒకే రాతిలో పక్కపక్కన వెలుగుతూ కనిపిస్తాయి. చూడటానికి అద్భుతమే గాని, సూర్యుడు చొరని చోట అతినీలలోహిత కిరణాలు ఉండవు కాబట్టి మీ జనానికి అది ఉపయోగపడదు.

రెండవది స్ఫురదీప్తి. ఇందులో స్ఫటికం కాంతిని పీల్చుకుని, ఆ శక్తితో కదిలిన ఎలక్ట్రాన్లను తన నిర్మాణంలోని లోపాలలో బంధించి, మెల్లమెల్లగా విడుదల చేస్తుంది. 17వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఇటలీలోని బొలోన్యా నగరంలో విన్చెంజో కషరోలో అనే చర్మకారుడు దగ్గరి కొండ మీద దొరికిన బరువైన బెరైటు రాళ్ళను బొగ్గుతో కాల్చినప్పుడు, ఎండలో పెట్టిన తరువాత చీకట్లో వెలిగే పదార్థం తయారైంది. బంగారం చేయాలన్న తపనతో ఆయన ఆ పని చేశాడని చెబుతారు. బెరైటులోని బేరియం సల్ఫేటు బొగ్గుతో కాలి బేరియం సల్ఫైడుగా మారటమే ఆ వెలుగుకు కారణం. గుహలలో ఫొటోలు తీసేవారికి తెలిసిన సంగతి మరొకటి ఉంది: కెమెరా ఫ్లాష్ పడిన తరువాత సున్నపురాతి ఊడలు కొన్ని క్షణాలపాటు మందంగా వెలుగుతూ కనిపిస్తాయి. మన గుప్తేశ్వరం వంటి సున్నపురాతి గుహను తలచుకుంటే మీ పాఠకుడు ఈ దృశ్యాన్ని సులభంగా నమ్ముతాడు.

మూడవది ఉష్ణదీప్తి. కొన్ని ఖనిజాలు నేలలోని సహజ వికిరణాన్ని వేల ఏళ్ళపాటు దాచుకుని, వేడి తగిలినప్పుడు వెలుగుగా విడిచిపెడతాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు పాత కుండపెంకుల వయసు కట్టేది ఈ గుణంతోనే. క్లోరోఫేన్ అనే ఒక రకం ఫ్లోరైటు అరచేతి వెచ్చదనానికి సైతం వెలిగేంత సున్నితమైనది. అయితే ఒకసారి విడిచిన వెలుగు మళ్ళీ చేరటానికి చాలా కాలం పడుతుంది. ఒక్కసారే వాడుకోగల రాయి కథకు బలమైన వస్తువు. మొదట అందరూ దానిని ఎంత ధారాళంగా ఖర్చు చేసి ఉంటారో ఆలోచించండి.

వర్ధా (బల్లార్షా):
నేను చంద్రపూర్ జిల్లాలోని భూగర్భ బొగ్గు గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మా వైపు గనులలో తెలుగువారు చాలామంది పనిచేశారు, ఇంకా చేస్తున్నారు. శబరి మాస్టారు చెప్పినదానికి గని లోపలి మాట ఒకటి కలుపుతాను.

బయటి చీకటి, గనిలోని చీకటి ఒకటి కావు. అమావాస్య రాత్రి కూడా ఆకాశం నుంచి కొంత వెలుగు దిగుతూనే ఉంటుంది. గనిలో టోపీ దీపం ఆర్పేస్తే మొహం ముందు పెట్టుకున్న చెయ్యి ఎంతసేపు వేచి చూసినా కనిపించదు. మీ కథలో రాయి ఆరిపోయే సన్నివేశం రాస్తే దయచేసి "మసక చీకటి" అనకండి. అక్కడ మసక ఉండదు.

ఇక రాయి వెల గురించి. భూగర్భంలో వెలుగుకంటే వేడి లేని వెలుగు విలువైనది. బొగ్గు పొరల నుంచి వచ్చే మీథేను గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య చేరినప్పుడు చిన్న మంట తగిలినా పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ లోహపు జాలీ ఉన్న రక్షణ దీపం కనిపెట్టక ముందు, ఇంగ్లండు గనులలో కొందరు నూనె దీపానికి భయపడి, కుళ్ళుతున్న చేపల తోళ్ళ నుంచి వచ్చే మినుకు వెలుగులో పనిచేశారు. అంతటి అవసరం ఉన్న చోట చల్లగా వెలిగే రాయి దొరికితే దానికోసం యుద్ధాలు జరుగుతాయి.

కానీ ఆ రాయిలో ఒక ప్రాణాంతకమైన లోటు ఉంది, దానిని మీరు తప్పకుండా వాడుకోవాలి. మంట మనిషిని హెచ్చరిస్తుంది. మీథేను ఉంటే రక్షణ దీపపు జ్వాల చుట్టూ నీలి పొర లేస్తుంది. ప్రాణవాయువు 16 శాతం దరికి పడిపోతే దీపం కొండెక్కుతుంది. ఆ గుర్తు చూసి మేము వెనక్కి వస్తాము. రాయి గాలి చెడినా అలాగే వెలుగుతూ ఉంటుంది, దాని పక్కన మనిషి నిద్రలోకి జారుకున్నట్టు కూలిపోతాడు. అందువల్ల రాళ్ళు ఎన్ని ఉన్నా లోమలవారు ప్రతి సొరంగంలోకీ ముందుగా ఒక ప్రాణిని తీసుకువెళ్ళాలి. బ్రిటన్ గనులలో 1986 వరకు కానరీ పక్షులను అందుకే ఉంచారు. కొండ లోపల పక్షులు పెంచేవారు, వాటికి పై నుంచి గింజలు తెచ్చేవారు, పక్షి కింద పడితే అరిచి అందరినీ వెనక్కి పిలిచేవారు మీ కథలో ఉండాలని నా కోరిక.

ఋషికుల్య (ఛత్రపురం):
నాగావళి గారు మొదట ఊహించిన ఎడతెగని వెలుగును పూర్తిగా వదులుకోవద్దని మనవి. ఎండ అవసరం లేని మూలం ఒకటి ఉంది, అది వికిరణ ధార్మికత (రేడియోధార్మికత). నేను ఉండే ఛత్రపురం తీరపు ఇసుకలో థోరియం కలిసిన మోనజైటు ఉంది. ఐఆర్ఈఎల్ సంస్థ ఇక్కడ ఆ ఇసుక నుంచి ఖనిజాలను వేరు చేస్తుంది. ఆ మోనజైటు తూర్పు కనుమల రాళ్ళు అరిగి, వాన నీటితో నదులలో కొట్టుకువచ్చి చేరినదే. కాబట్టి మీ కొండ లోపల దాని పుట్టుచోటు ఉండటం సహజమే.

అయితే థోరియం మాత్రమే చాలదు. ఒక గ్రాము థోరియంలో సెకనుకు దాదాపు 4 వేల పరమాణువులు విఘటన చెందుతాయి. ఒక గ్రాము రేడియంలో దాదాపు 3,700 కోట్లు. కంటికి కనిపించేంత వెలుగు రావాలంటే రేడియం వంటి వేగంగా విఘటన చెందే పదార్థం, దాని పక్కనే జింకు సల్ఫైడు వంటి మెరిసే స్ఫటికం ఉండాలి. క్యూరీ దంపతులు 1898లో రేడియాన్ని కనుగొన్న కొద్దికాలానికే గడియారాల అంకెలకు పూసిన రంగు అలాంటిదే. రేడియం అర్ధాయువు, అంటే అందులో సగం విఘటన చెందటానికి పట్టే కాలం, 1,600 ఏళ్ళు. కొన్ని తరాల కథకు అది శాశ్వతమే.

వర్ధా (బల్లార్షా):
ఋషికుల్య గారూ, ఆ రంగు పూసిన అమ్మాయిల గతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో 1920ల ముందు నుంచే, కుంచె మొన సన్నబడటం కోసం దానిని పెదవులతో తడపమని వారికి నేర్పారు. కాల్షియంలాగే రేడియం ఎముకలలో చేరి దవడలు కుళ్ళిపోయాయి. అనేకమంది చనిపోయారు, ఐదుగురు స్త్రీలు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. పైగా రేడియం విఘటన నుంచి పుట్టే రేడాన్ వాయువు గాలి ఆడని సొరంగంలో పేరుకుంటుంది. మైదానంలో అది చెదిరిపోతుంది, కొండ కడుపులో ఊపిరితిత్తులలోకి వెళుతుంది. పిల్లల కడియాలలో ఆ రాయిని బిగించటాన్ని నేను ఊహించలేను.

ఋషికుల్య (ఛత్రపురం):
మీ మాటతో నాకు పేచీ లేదు. మంచి రాయిగా కాదు, ప్రలోభంగా దానిని కథలోకి తీసుకురావాలన్నదే నా ఉద్దేశం. ఇంకొక సంగతి కూడా ఉంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్ళైనా, దాని దెబ్బలు తిని తిని మెరిసే స్ఫటికం కొన్నేళ్ళకే పాడైపోతుంది. పాత గడియారాల అంకెలు నేడు చీకట్లో కనిపించకపోయినా వాటిలోని రేడియం దాదాపు అంతా అలాగే ఉంది. వెలుగు ఆరిపోయిన తరువాత కూడా విషం మిగిలే రాయి అది. లోమలవారిలో ఎవరైనా ఆరిన రాళ్ళను పనికిరానివని పొయ్యి గట్టుకో, నూతి అడుగుకో వాడితే ఏమవుతుందో మీరే చూడండి.

నాగావళి (రాయగడ):
మీ ఇద్దరి వాదనా నాకు ఎంతో ఉపయోగపడింది. కొండ అట్టడుగున ఒక నిషిద్ధ పొర ఉంటుంది. అక్కడి రాయి ఎండ చూడకుండానే వెలుగుతుంది. దానిని తవ్విన వంశం ఒకటి అంతరించింది. ఇది నిశ్చయం. నిత్యం వాడే మిణుకురాయి మాత్రం స్ఫురదీప్తి గలదే కావాలి. శబరి మాస్టారూ, బొలోన్యా రాయి ఎంతసేపు వెలుగుతుంది? మన కనుమల రాళ్ళలో అంతకంటే ఎక్కువసేపు వెలిగే ఖనిజం పుట్టే వీలును ఊహించవచ్చునా?

శబరి (జయపురం):
బొలోన్యా రాయిది కొద్ది సేపటి వెలుగు. మీకు కావలసిన నమూనా 1990లలో జపానులో తయారైన స్ట్రాన్షియం అల్యూమినేటు. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే విరళ మృత్తికలను (రేర్ ఎర్త్ మూలకాలను) చాలా స్వల్పంగా కలుపుతారు. నేడు అత్యవసర ద్వారాల గుర్తులలో రాత్రంతా వెలిగే ఆకుపచ్చని పదార్థం అదే. ప్రకృతిలో అది దొరకదు, అందుకే మీ కల్పనకు చోటు ఉంది.

అది మన కొండలలో ఎలా పుడుతుందని రాయవచ్చునో చూద్దాం. తూర్పు కనుమలలోని ఖొండలైటు శిలలలో గార్నెట్‌తోపాటు గ్రాఫైటు కూడా ఉంటుంది. ఈ శిలలు సుమారు వంద కోట్ల ఏళ్ళ క్రితం భూగర్భంలో కొన్ని చోట్ల 900 డిగ్రీలకు మించిన వేడికి లోనయ్యాయి. యూరోపియం వెలగాలంటే అది క్షయకరణం చెందిన, అంటే అదనపు ఎలక్ట్రాను అందుకున్న, స్థితిలో ఉండాలి. కర్మాగారంలో హైడ్రోజన్ కలిసిన వాయువుతోనో, బొగ్గుతోనో ఆ స్థితిని కలిగిస్తారు. మీ కొండలో ఆ పని గ్రాఫైటు చేసిందనుకోండి, కషరోలో కొలిమిలో బొగ్గు చేసినట్టే. ఒక ఇబ్బంది ఉంది: సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం) సమృద్ధిగా ఉన్న రాతిలో అల్యూమినియం, స్ట్రాన్షియం రెండూ ఫెల్డ్‌స్పార్‌లో కలిసిపోతాయి, అల్యూమినేటు మిగలదు. కాబట్టి ఖొండలైటు, చలువరాయి కలిసే అంచున, సిలికా కరువైన సన్నని పొరలో మాత్రమే మిణుకురాయి దొరుకుతుందని రాయండి. అది అరుదుగా ఎందుకు ఉంటుందో, దాని జాడ పట్టేవారికి ఏ రెండు రాళ్ళు కలిసే చోటు తెలియాలో దానితో తేలిపోతుంది.

ఇక బలహీనత. స్ట్రాన్షియం అల్యూమినేటుకు నీరు శత్రువు. తేమ తగిలితే అది క్రమంగా మారిపోయి వెలిగే గుణం కోల్పోతుంది. అందుకే తయారీదారులు ప్రతి రేణువుకూ రక్షణ పూత పూస్తారు. మన కొండలలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నీరు ప్రతి పగులులోంచీ దిగుతుంది. నూతి గట్టుకు పొదిగిన మీ రాయి పూత లేకుండా ఒక వానాకాలం కూడా నిలవదు. పూతకు మన అడవిలోనే గుగ్గిలం చెట్ల జిగురు ఉంది, లక్క ఉంది. రెండూ ఎండ తగిలే నేల మీద పుట్టేవే. రాయి లోపలి వారిది, దానిని కాపాడే జిగురు పై వారిది. మీ కథలో రెండు లోకాల మధ్య నడిచే వర్తకం ఇదే కావచ్చు. ఆ వర్తకం తెగిపోయిన ఏడు లోమలవారి ఇళ్ళు ఒక్కొక్కటిగా చీకటిలో కలుస్తాయి.

వంశధార (గుణుపురం):
మాస్టారు చెప్పిన ప్రకారం రాయికి ఎండ కావాలి గదా. మరి వర్షాకాలంలో నెలల తరబడి మబ్బు పట్టి ఉంటే రాళ్ళకు శక్తి ఎలా అందుతుంది?

శబరి (జయపురం):
మబ్బు పట్టిన పగటి వెలుతురే చాలు, కొద్ది నిమిషాలలో రాయి నిండుతుంది. కుండ నిండిన తరువాత ఎంత పోసినా పొర్లిపోతుందే తప్ప లోపల నిలవదు, రాయి కూడా అంతే. రోజంతా ఎండలో పరచినందువల్ల అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. వెన్నెల మాత్రం చాలదు. కాబట్టి లోమలవారు గుహ ముఖద్వారం దగ్గర ఎక్కువసేపు ఉండనక్కరలేదు, కానీ ప్రతి పగలూ ఎవరో ఒకరు పైకి వచ్చి తీరాలి.

వెలుగు తగ్గే తీరు కూడా గమనించండి. అది స్థూలంగా కాలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. పదో నిమిషంలో ఉన్న కాంతి గంటకు ఆరో వంతుకు పడిపోతుంది, ఆ తరువాత చాలా నెమ్మదిగా క్షీణిస్తుంది. వేడి తగిలితే చిక్కుబడిన ఎలక్ట్రాన్లు త్వరగా బయటపడి రాయి ఎక్కువ ప్రకాశంతో తక్కువసేపు వెలుగుతుంది. చల్లగా ఉంచితే శక్తి లోపలే నిలుస్తుంది. ఆరబోతున్న రాయిని చంకలో వెచ్చబెట్టి చివరి వెలుగు రాబట్టడం ప్రతి లోమల పిల్లవాడికీ తెలిసిన విద్య కావాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మన పురాణంలోని పాతాళాన్ని ఈ సందర్భంలో తలచుకోవాలి. భాగవత పంచమ స్కంధంలో, తెలుగులో గంగన రచించిన భాగంలో, అతలం మొదలు పాతాళం వరకు ఏడు అధోలోకాల వర్ణన ఉంది. అక్కడ సూర్యుడు లేడు, మహాసర్పాల పడగల మీది మణులే చీకటిని పారదోలుతాయి. రాత్రింబవళ్ళ విభజన లేనందున అక్కడివారికి కాలభయం లేదని మూలం చెబుతుంది. ఆ మణుల వెలుగుకు క్షయం లేదు కాబట్టి ఆ మాట అక్కడ చెల్లింది.

మిణుకురాయి దీనికి పూర్తిగా ఎదురు. అది క్షీణిస్తుంది, ఏ వేగంతో క్షీణిస్తుందో తెలుసు, కాబట్టి అదే లోమలవారి గడియారం. ఉదయం పైనుంచి దిగిన రాయిని, మధ్యాహ్నం దిగిన రాయిని పక్కపక్కన పెడితే గడిచిన కాలం తెలుస్తుంది. పిల్ల పుట్టిన వేళను, మనిషి పోయిన వేళను రాళ్ళను పోల్చి చెప్పే పురోహితుడు ఒకడు ఉండాలి. చల్లని నీటి ఊట దగ్గర ఉంచిన రాయి, పొయ్యి దగ్గర ఉంచిన రాయి వేర్వేరు కాలాలు చూపుతాయి కనుక కొలత రాళ్ళన్నింటినీ ఒకే గదిలో భద్రపరచాలి. ఆ గది తాళం ఎవరి చేతిలో ఉంటే లోమలవారి కాలం వారి చేతిలో ఉన్నట్టే.

ప్రాణహిత (సిరొంచ):
నేను కంటి పరీక్షలు చేసే ఉద్యోగిని. రాయి గురించి ఇంత చెప్పుకున్నాము గాని, దానిని చూసే కన్ను గురించి ఎవరూ చెప్పలేదు. నేత్రపటలంలో పగటి చూపుకు శంకువులు, చీకటి చూపుకు దండాలు అనే కణాలు ఉంటాయి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట వరకు పడుతుంది. దండాలు ఎక్కువగా గుర్తించేది సుమారు 507 నానోమీటర్ల నీలాకుపచ్చ కాంతిని; శబరి గారు చెప్పిన అల్యూమినేటు వెలిగేది సుమారు 520 దగ్గర. నాగావళి గారు ఎంచుకున్న రంగు చాలా సరైనది.

దీనివల్ల వచ్చే పర్యవసానాలు కొన్ని ఉన్నాయి. దండాలకు రంగులు తెలియవు. రాయి బాగా మందగించిన ఇంట్లో ఎర్ర చీర నల్లగా కనిపిస్తుంది, రాయి పచ్చదనం కూడా బూడిద తెలుపుగా మారుతుంది. చూపు కేంద్రబిందువులో దండాలు ఉండవు కాబట్టి మసక వెలుగులో ఒక వస్తువును చూడాలంటే దానికి కాస్త పక్కగా చూడాలి. లోమలవారు ఎదుటివారి ముఖం కేసి నేరుగా చూడకపోవడం వారికి మర్యాద అవుతుంది, పై లోకం వారికి అదే తలపొగరుగా కనిపించవచ్చు. ఆ వెలుగులో సన్నని అక్షరాలు చదవటం సాధ్యం కాదు, కాబట్టి వారి రాత వేలితో తడిమి చదివే చెక్కడం కావాలి. రాళ్ళు మోసి పైకి వచ్చేవారు తిరిగి దిగిన వెంటనే అరగంట దాకా గుడ్డివారితో సమానం. వారి చేయి పట్టుకుని నడిపించే మనిషి గుహ ద్వారం లోపల కాచుకుని ఉండాలి.

వంశధార (గుణుపురం):
నాదొక విన్నపం. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరి డోంగ్రియా కొంధులకు దైవస్థానం. ఆ కొండ మీది బాక్సైటు తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని తీర్పునిచ్చింది. తరువాత 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. అలాంటి నేలలో "కొండ లోపల ఖనిజంతో బతికే వింత జనం" అని రాసేటప్పుడు, పాఠకుడు వారిని కొంధులతోనో, సవరలతోనో ముడిపెట్టకుండా చూడాలి. వారి దేవుళ్ళ పేర్లు, వారి పూజలు, వారి ఆభరణాలు లోమలవారికి తగిలించవద్దు. వారు ఈనాడు బతికి ఉన్న మనుషులు, వారికి తమ కొండ గురించి తామే చెప్పుకునే కథలున్నాయి. గుగ్గిలం వర్తకంలో పై లోకం వారు ఎవరన్న ప్రశ్న కూడా వెంటనే వస్తుంది. అడవిలో జిగురు సేకరించేవారిని మీరు ఎలా చిత్రిస్తారన్నది నాకు రాయి కంటే ముఖ్యం.

నాగావళి (రాయగడ):
వంశధార గారి విన్నపం పూర్తిగా న్యాయమైనది. కొండకు, పై గ్రామానికి కల్పిత నామాలే ఉంటాయి. నిజమైన ఏ తెగ ఆచారమూ లోమలవారికి అంటగట్టను. జిగురు సేకరించేవారిని బేరంలో మోసపోయే అమాయకులుగా రాయను. వారి వైపు నుంచి చెప్పే అధ్యాయాలు వేరుగా ఉంటాయి. గుగ్గిలం ఇవ్వాలా వద్దా అన్నది వారు తమ ఊరిలో కూర్చుని తేల్చుకునే విషయం. వారు వద్దన్న ఏడాదితోనే నవల మొదలవుతుంది.

మిగిలిన నిర్ణయాలు ఇవి. ద్వారం దగ్గర మోతగాళ్ళ చేయి పట్టుకునే అమ్మాయే ప్రధాన పాత్ర, ఎందుకంటే పైకి వెళ్ళకుండా పై లోకపు వార్తలన్నీ మొదట వినేది ఆమె. ఆమె తండ్రి పక్షుల కాపరి. పూత కరువై ఇళ్ళు ఆరిపోతున్నప్పుడు కాలం కొలిచే గది తాళం చేతిలో ఉన్నవారు నిషిద్ధ పొరను తెరవాలని తీర్మానిస్తారు. అక్కడి రాయికి పూత అక్కరలేదని, ఎండ అక్కరలేదని వారి వాదన. ఋషికుల్య గారిని ఒక్కటి అడగాలి. ఆ పొరలోకి వెళ్ళినవారికి జబ్బు లక్షణాలు ఎంత కాలానికి బయటపడినట్టు రాస్తే నమ్మదగినదిగా ఉంటుంది?

ఋషికుల్య (ఛత్రపురం):
వారాలలో చనిపోయినట్టు రాయకండి. గడియారాలకు రంగు పూసినవారిలో చాలామందికి కొన్నేళ్ళ తరువాతే పళ్ళు వదులవటం, దవడ నొప్పి మొదలయ్యాయి; కొందరికి ఎముక క్యాన్సర్లు దశాబ్దాల తరువాత వచ్చాయి. రాతి ధూళి పీల్చి, ఆ చేతులతోనే తిని బతికేవారికి కూడా అలాంటి ఆలస్యమే ఉంటుందని రాయవచ్చు. ఆ మధ్యకాలంలో కొండ అంతా మునుపెన్నడూ లేనంత వెలుగుతో ఉంటుంది, నిషిద్ధ పొరను తెరిచినవారికి గౌరవం పెరుగుతుంది, వద్దన్నవారి మాట ఎవరూ వినరు. మొదటి పన్ను ఊడే నాటికి పక్షుల కాపరి కూతురికి పెళ్ళీడు దాటి ఉండాలి.

వర్ధా (బల్లార్షా):
ఆ మధ్యకాలంలో పక్షులు కూడా కూలవని గుర్తుంచుకోండి. రేడాన్ చెడుగాలిలాగా పక్షిని వెంటనే పడగొట్టదు. అవి చక్కగా తిరుగుతూ ఉంటాయి కనుక ఆ పొరలో గాలి మంచిదేనని కాపరి నిజాయితీగా సాక్ష్యం చెబుతాడు. ఆ సాక్ష్యాన్ని మీరు మొదటి భాగం చివర పెట్టగలిగితే బాగుంటుంది.